షోపాన్ ఇ మైనర్ ప్రెల్యూడ్ వాయించాను, మొహమాటం లేకుండా చెప్పండి

గుణుపురం_కీస్ · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. పోలండ్ స్వరకర్త షోపాన్ ప్రెల్యూడ్‌లలో (చిన్న పియానో రచనలు) నాలుగోది, ఓపస్ 28 అనే సంపుటిలోని ఇ మైనర్, వాయించి ఆడియో జత చేశాను. నిడివి 2 నిమిషాల 58 సెకన్లు. 88 కీస్ ఉన్న డిజిటల్ పియానో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పెడల్ (తొక్కితే కీ వదిలినా నోటు మోగుతూ ఉంటుంది) దాంతోపాటు వచ్చిందే.

నేను నేర్చుకున్నదంతా చర్చిలోనే. ఆదివారం ఆరాధనలో కీర్తనలకి కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) పట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటు. నోట్స్ చూసి ఇలాంటివి వాయించడం మాత్రం ఈమధ్యే మొదలుపెట్టాను.

ఇంట్లో వినిపిస్తే బాగుందన్నారు. పక్కింటి ఒడియా మావయ్య 'బఢియా' అని టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఏమీ అనలేం, కానీ నాకు కావలసింది అది కాదు. పెద్దవాళ్ళ రికార్డింగ్ విని, వెంటనే నాది వింటే ఎక్కడో తేడా కొడుతోంది. ఎక్కడన్నది అంతు చిక్కడం లేదు. గుణుపురంలో అడుగుదామంటే పియానో తెలిసినవాళ్ళు నాకు తగల్లేదు. గ్రేడ్ పరీక్షలకి వెళ్ళే పిల్లలు కూడా విశాఖ ప్యాసింజర్ ఎక్కుతున్నారు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

జయపురం_తబలా · శనివారం రాత్రి 9:52

సూపర్ అన్నా!! ఒళ్ళు పులకరించింది. ఇలాగే కంటిన్యూ చెయ్యి.

ధర్మాబాద్_సౌండ్ · శనివారం రాత్రి 10:15

తమ్ముడూ, నాకు షోపాన్ తెలియదు, పెళ్ళిళ్ళకి సౌండ్ పెట్టేవాణ్ణి. రికార్డింగ్ సంగతి చెప్తా. ఫోన్‌ని కీబోర్డ్ పెట్టిన టేబుల్ మీదే పెట్టినవు, అవునా? కీ నొక్కినప్పుడల్లా చెక్క చప్పుడు ఎక్కుతోంది. రెండోది, ఫోన్ తనంతట తానే చిన్న సౌండ్‌ని పెంచి పెద్దదాన్ని తొక్కేస్తుంది. నువ్వు మెల్లగా వాయించిందీ గట్టిగా వాయించిందీ వినేవాళ్ళకి ఒకటే మట్టంలో వస్తుంది. ఇది విని ఎవరైనా 'భావం లేదు' అంటే సగం తప్పు ఫోన్‌దే.

మీ పియానో వెనక హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటది కదా, అక్కడి నుంచి చిన్న కేబుల్ ల్యాప్‌టాప్‌లోకి వెయ్యి. యూఎస్‌బీ ఆడియో ఉంటే ఇంకా మంచిది. అప్పుడు పెట్టు, వినేవాళ్ళు సరిగ్గా చెప్పగలుగుతారు.

ఇంకొకటి: పెడల్ తీయకుండా తొక్కి పట్టినట్టుంది. మధ్యలో అంతా నీళ్ళ ట్యాంకులో దిగి పాడినట్టు ఉంది.

రాయగడ_శ్రోత · శనివారం రాత్రి 10:31

సంగీతం రాదు, వింటాను అంతే. నాకు పాట కంటే ఆ 'టక్ టక్' ఎక్కువ వినిపించింది. సౌండ్ గారు టేబుల్ అంటున్నారు, అయి ఉండొచ్చు. అయినా ఆఖర్లో మెల్లగా వాయించినప్పుడు ఆ చప్పుడు లేదు. టేబుల్, ఫోన్ అవే కదా మరి?

బరంపురం_టీచరమ్మ · ఆదివారం ఉదయం 7:05

రాయగడ వారూ, అసలు విషయం మీరు పట్టుకున్నారు.

గుణుపురం బాబూ, హెడ్‌ఫోన్ పెట్టుకుని మీ ఆడియో మళ్ళీ మళ్ళీ విన్నాను. బాగున్న సంగతి ముందు చెప్తాను: నోట్స్ తప్పులు దాదాపు లేవు. ఎడమచేతి కార్డ్స్ మారే చోట వేళ్ళకి దారి తెలుసు. చర్చి అలవాటు మీకు బాగా పనికొచ్చింది.

ఇక లోటు. ఈ పాటలో కుడిచేతికి పెద్ద పనేమీ ఉండదు. పాటంతా ఎడమచెయ్యే. బార్‌కి (నోట్స్‌లో రెండు నిలువు గీతల మధ్య భాగం) ఎనిమిది కార్డ్స్ చొప్పున కొడుతూనే ఉంటుంది, ఆ కార్డ్స్ సెమిటోన్ (పక్క కీకి ఉన్నంత దూరం) చొప్పున కిందికి దిగుతూ ఉంటాయి. జి-బి-ఇ స్వరాలతో మొదలవుతుంది. కింది స్వరం జి నుంచి ఎఫ్ షార్ప్, ఎఫ్, ఇ... అలా జారుతుంది. చాలాచోట్ల ఒకేసారి ఒక్క స్వరమే కదులుతుంది, మిగిలిన రెండూ ఉన్నచోటే ఉంటాయి. మీరు మూడు స్వరాలనీ ఒకే బరువుతో, ప్రతిసారీ కొత్త కార్డ్‌లా కొడుతున్నారు. కీర్తనకి కార్డ్ పట్టే పద్ధతి అది. అక్కడ జనం పాడుతుంటారు కాబట్టి సరిపోతుంది. ఇక్కడ పాడే జనం లేరు, కదిలే ఆ ఒక్క స్వరమే పాట.

టక్ టక్ సంగతి: మీ వేళ్ళు ప్రతి కార్డ్‌కీ కీ మీద నుంచి పూర్తిగా లేస్తున్నాయి. గాల్లోంచి దిగి కొడుతున్నారు కాబట్టి చప్పుడు. వేలి కొసని కీకి అంటించే ఉంచండి. కీ పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ కిందికి నొక్కండి. డిజిటల్ పియానోలన్నిటిలో ఇది ఒకేలా పనిచేయదు. మీదానిలో ఎంత పైకి వస్తే మళ్ళీ మోగుతుందో ఒక్క కీ మీద నెమ్మదిగా చూసుకోండి. చివరి మూడు కార్డ్స్‌లో చెయ్యి తీరిగ్గా దిగింది కాబట్టే అక్కడ చప్పుడు లేదు.

రెండోది కుడిచెయ్యి. మొదట్లో బి నోటు మూడు చిన్న లెక్కలు (క్వార్టర్ నోట్లు), సి నోటు ఒక లెక్క, మళ్ళీ బి. పియానోలో నోటు కొట్టిన క్షణం నుంచీ తగ్గిపోతూనే ఉంటుంది. మూడు లెక్కలయ్యేసరికి ఆ బి ఎంత మిగిలిందో చెవిపెట్టి వినండి. సి ని ఆ మిగిలినంత మట్టంలోనే పెట్టాలి. మీరు సి ని మళ్ళీ మొదటి బి అంత గట్టిగా కొడుతున్నారు. దాంతో రెండూ కలిసి ఒక నిట్టూర్పు కావలసింది రెండు వేరే నోట్లయిపోతున్నాయి.

పెడల్ విషయంలో సౌండ్ గారితో ఏకీభవిస్తాను. స్వరాలు సెమిటోన్ దూరంలో మారుతున్నప్పుడు పాతదీ కొత్తదీ పెడల్‌లో కలిస్తే మురికి తప్పదు. కార్డ్ మారిన ప్రతిసారీ పెడల్ మార్చండి. మీ పెడల్ ఆన్-ఆఫ్ స్విచ్ రకమైతే సగం తొక్కడం కుదరదు. అప్పుడు కొన్నిచోట్ల అసలు లేకుండానే వాయించండి, నష్టం లేదు.

సిరొంచ_పాటలు · ఆదివారం ఉదయం 8:20

మన పాటలు ఇన్ని ఉండగా ఈ పోలండ్ పాట దేనికండీ? ఏదైనా పాత సినిమా పాట పెట్టి ఉంటే అందరికీ అర్థమయ్యేది.

గుణుపురం_కీస్ · ఆదివారం మధ్యాహ్నం 2:10

సిరొంచ గారూ, సినిమా పాటలు కూడా వాయిస్తాను, వేరే చర్చలో పెడతాను. ఇది ఎందుకంటే నాకు నచ్చింది కాబట్టి, అంతే.

టీచరమ్మ గారూ, ఇంత వివరంగా వింటారని అనుకోలేదు, చాలా థాంక్స్. ఒక్క విషయంలో మాత్రం నాకు సందేహం. నెమ్మది గురించి మీరు అనలేదు కానీ అది నేను కావాలనే పెట్టుకున్నాను. పైన 'లార్గో' (చాలా నెమ్మదిగా) అని ఉంది కదా. రొమాంటిక్ యుగం సంగీతంలో కాలాన్ని కొంచెం లాగడం, వదలడం ఉంటుందనీ చదివాను.

పర్లాకిమిడి_వయొలిన్ · ఆదివారం సాయంత్రం 6:45

నేను కర్ణాటక వయొలిన్ వాణ్ణి నాయనా, మీ నోట్స్ చదవడం నాకు రాదు. తాళం మాత్రం వింటాను. నువ్వు లాగుతున్నావు, వదులుతున్నావు, నిజమే. ఎక్కడ లాగుతున్నావో గమనించావా? వేలు దూరం వెళ్ళాల్సిన చోట. 1:50 దగ్గర ఏదో పెద్ద గెంతు ఉన్నట్టుంది, దానికి ముందు ఆగి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు దూకావు. పాటకి ఆ ఆగడం అవసరం లేదు, నీ చేతికి అవసరమయింది. పాటకి అవసరమైన చోట్ల మాత్రం గబగబా దాటేశావు. వినేవాడికి ఈ రెండింటికీ తేడా వెంటనే తెలిసిపోతుంది, ఎందుకో చెప్పలేకపోయినా.

బరంపురం_టీచరమ్మ · ఆదివారం రాత్రి 8:30

మాస్టారూ, మీరు నోట్స్ చూడకుండా చెప్పారు, నేను చూసి చెప్తున్నాను: మీరు చెప్పిన చోటు 16, 17 బార్లు. అక్కడ షోపాన్ రాసిన మాట 'స్ట్రెట్టో', అంటే ముందుకి తోసుకుపోవాలి. 17లో 'ఫోర్టె' (గట్టిగా) వస్తుంది. మొత్తం పాటలో గొంతు పెరిగేది అక్కడే. తోసుకుపొమ్మన్న చోట మన బాబు బ్రేక్ వేశాడు.

లార్గో గురించి: పేజీ మొదట్లో 'సి' అక్షరం మీద నిలువు గీత ఉంది చూడండి. బార్‌కి నాలుగు కాదు, రెండే లెక్కలు. లార్గో ఆ పెద్ద లెక్కకి వర్తిస్తుంది. లెక్క కడితే 25 బార్లు, బార్‌కి నాలుగు క్వార్టర్ నోట్ల చొప్పున వంద. మీకు 178 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి సగటున 34 క్వార్టర్ నోట్లు. ఒక్కో చిన్న కార్డ్‌కీ దాదాపు 0.9 సెకను. ఆ వేగంలో కార్డ్స్ ఒకదానికొకటి అతుక్కోవు, ఎవరు వాయించినా. చాలామంది పియానిస్టులు దీన్ని రెండు నిమిషాలకి కాస్త అటూ ఇటూగా ముగిస్తారు. మీరు రెండుంబావుకి తెచ్చినా పాట ఊపిరి తీసుకుంటుంది.

కాలం లాగడం గురించి షోపాన్ శిష్యులు రాసిపెట్టింది ఒకటుంది. ఎడమచెయ్యి బృందానికి నాయకత్వం వహించేవాడిలా లెక్క తప్పకుండా ఉండాలట, కుడిచెయ్యి మాత్రం దాని మీద స్వేచ్ఛగా తిరగొచ్చట. రెండు చేతులూ కలిసి ఆగిపోవడం ఆయన చెప్పిన స్వేచ్ఛ కాదు.

పర్లాకిమిడి_వయొలిన్ · ఆదివారం రాత్రి 8:50

ఇది మా దగ్గర కొత్తేమీ కాదమ్మా. మృదంగం తన లెక్కలో తను పోతుంటుంది, పాడేవాడు సాహిత్యాన్ని కాస్త వెనక్కి వేసి పాడి మళ్ళీ సమానికి (తాళం మొదటి దెబ్బకి) వచ్చి కలుస్తాడు. అయితే మీ మాటతో పూర్తిగా ఒప్పుకోను. ఇతని ఎడమచెయ్యి మరీ మెట్రోనోమ్ (లెక్క కొట్టే యంత్రం) అయితే పాట చచ్చిపోతుంది. పాట మధ్యలో మళ్ళీ మొదటి మాటే వస్తుంది కదా, అక్కడ రెండు చేతులూ కలిసి ఒక్క క్షణం ఆగితేనే నాకు ఇష్టం.

బరంపురం_టీచరమ్మ · ఆదివారం రాత్రి 9:02

పెద్ద పియానిస్టులు చాలామంది మీ పక్షమే మాస్టారూ. నా పట్టుదల నేర్చుకునే దశ గురించి. మొదట లెక్క చేతికి రావాలి, ఆ తర్వాత ఎక్కడ ఆగాలో మీరు చెప్పినట్టే ఆగొచ్చు.

జయపురం_తబలా · ఆదివారం రాత్రి 10:10

నిన్న సూపర్ అని పోయాను, అందరూ ఇంత రాస్తుంటే నాకూ మనసు ఒప్పలేదు. తబలా వాడిగా ఒకటి చెప్తా. ఎడమచేతి ఎనిమిదిలో మొదటిదీ ఐదోదీ గట్టిగా పడుతున్నాయి. అక్కడక్కడా కాదు, మొదటి బార్ నుంచి చివరి దాకా. నేను చప్పట్లు కొడుతూ విన్నా, కెహర్వాకి (ఎనిమిది మాత్రల తాళం) సరిగ్గా సరిపోయింది :) భజనకి అయితే అదిరిపోద్ది, దీనికి అడ్డొస్తోంది అనుకుంటా.

బరంపురం_టీచరమ్మ · సోమవారం ఉదయం 6:50

భలే పట్టారు, నేను వదిలేసింది ఇదే. రెండు లెక్కల పాట కాబట్టి ఒకటి, ఐదు దగ్గర బరువు ఉండటం సహజమే, కానీ అది వాయించేవాడి మనసులో ఉండాలి, వినేవాడి చెవిలో పడకూడదు. గుణుపురం బాబూ, కార్డ్ మారే చోట బరువు పెట్టండి, లెక్క మారే చోట కాదు. ఈ రెండూ ఎప్పుడూ ఒకే చోట రావు, అందులోనే ఈ పాట గమ్మత్తంతా ఉంది.

ఇలా సాధన చెయ్యండి. కుడిచెయ్యి పూర్తిగా పక్కన పెట్టండి. ఎడమచేతిలో ఎనిమిది సార్లు కొట్టకుండా, కార్డ్ మారినప్పుడు మాత్రమే ఒక్కసారి కొట్టి పట్టుకోండి. మొదటి 12 బార్లూ అలా నడవండి. ఏ వేలు కదిలిందో గొంతుతో ఆ స్వరం పాడండి, చర్చిలో పాడేవాళ్ళకి ఇది కష్టం కాదు. ఆ దారి చెవికి ఎక్కాక ఎనిమిది కార్డ్స్ మళ్ళీ పెట్టండి, వీలైనంత మెత్తగా.

రాయగడ_శ్రోత · సోమవారం ఉదయం 9:15

ఆఖరి దాని గురించి కూడా ఎవరైనా చెప్పండి. మూడు కార్డ్స్‌కి ముందు ఒక నిశ్శబ్దం ఉంది కదా, నేను ఫోన్ ఆగిపోయిందేమో అనుకునేలోపే మళ్ళీ మొదలైపోయింది. ఇంకాస్త ఉంటే బాగుండేది అనిపించింది.

బరంపురం_టీచరమ్మ · సోమవారం ఉదయం 9:40

మీరు సంగీతం రాదని ఎందుకంటారో నాకు తెలియదు. బార్ 23లో విరామం మీద ఆగమన్న గుర్తు ఉంది. అక్కడ పెడల్ కూడా వదిలెయ్యాలి, గదిలో చప్పుడు లేకుండా పోవాలి. ఎంతసేపు అన్నది వాయించేవాడి ఇష్టం. బాబు అక్కడ లెక్కపెట్టుకుని సరిగ్గా సమయానికి వచ్చేశాడు. మిగతా చోట్ల లెక్క తప్పి, లెక్క వదిలెయ్యమన్న చోట మాత్రం పట్టుకున్నాడు!

గుణుపురం_కీస్ · గురువారం రాత్రి 11:20

కొత్త ఆడియో జత చేశాను. 1 నుంచి 12 బార్లు, ఎడమచెయ్యి ఒక్కటే. సౌండ్ అన్నయ్య చెప్పినట్టు కేబుల్ వేశాను. కార్డ్ మారిన చోట ఒక్కసారే కొట్టి పాడుకుంటూ తిరిగాక ఎనిమిది పెట్టాను. నా పియానోలో కీ సుమారు సగం పైకి వస్తేగానీ మళ్ళీ మోగడం లేదు, అంతకన్నా కింద నొక్కితే శబ్దమే లేదు.

పాడుతున్నప్పుడు ఒకటి తెలిసింది. నేను ఇంతకాలం మారుతుందనుకున్న స్వరం కొన్నిచోట్ల మారడమే లేదు, దాని పక్కది మారుతోంది.

ఇంకో మాట అడగాలి. మా సంఘంలో పెద్దాయన ఒకరు ఈ ఏడాది పోయారు. జ్ఞాపకార్థ కూడికలో ఇది వాయించమని వాళ్ళ అబ్బాయి అడుగుతున్నాడు. చర్చిలో కీబోర్డ్‌కి ఆర్గాన్ టోన్ పెట్టడం అలవాటు. ఈ పాటని ఆర్గాన్‌లో వాయించడం తప్పా?

ధర్మాబాద్_సౌండ్ · శుక్రవారం ఉదయం 7:30

ఇప్పుడు మంచిగుంది తమ్ముడూ. టక్ టక్ పోయింది. మెల్లగా కొట్టింది మెల్లగానే వినిపిస్తోంది. పెడల్ కూడా శుభ్రం, 9 దగ్గర ఒక్కచోట కలిసింది.

బరంపురం_టీచరమ్మ · శుక్రవారం ఉదయం 8:10

చాలా మెరుగు. మూడు, నాలుగు బార్లలో ఆ జారుడు ఇప్పుడు వినిపిస్తోంది. 10 నుంచి మళ్ళీ చెయ్యి బిగుసుకుంటోంది, అక్కడ మణికట్టు వదులు చెయ్యండి.

ఆర్గాన్ విషయంలో తప్పేమీ లేదు. 1849 అక్టోబరు 30న పారిస్‌లోని మదలేన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలప్పుడు ఈ ప్రెల్యూడ్‌నే, దీంతోపాటు ఆరోదాన్నీ, ఆర్గాన్ మీద వాయించారు. కాబట్టి అడిగిన అబ్బాయికి ధైర్యంగా సరేనని చెప్పండి.

కానీ నా సలహా పియానో టోనే. నేను ఇంతసేపు చెప్పిందంతా నోటు తగ్గిపోవడం మీద ఆధారపడింది. ఆర్గాన్‌లో కీ వదిలేదాకా నోటు తగ్గదు, ఎంత మెత్తగా నొక్కినా ఒకటే మోత. ఆ ఎనిమిది కార్డ్స్ ఆర్గాన్‌లో విడివిడిగా కొడితే చెవులు నొప్పి పుడతాయి, కలిపి పట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు అది వేరే సాధన. ఆర్గానే కావాలంటే వాల్యూమ్ పెడల్ ఉండాలి, 17లో పెంచి ఆ తర్వాత తగ్గించుకుంటూ రావాలి.

మంచి పియానో లేదని మాత్రం బాధపడకండి. షోపాన్ ఈ 24 ప్రెల్యూడ్‌ల పని మజోర్కా దీవిలో ముగించాడు. అక్కడ చాలా రోజులు నాసిరకం పియానోతోనే గడిపాడు. పారిస్ నుంచి రావలసిన ప్లెయెల్ పియానో 1839 జనవరిలో గానీ చేతికి అందలేదు. నా అప్‌రైట్ పియానోకి గోపాలపూర్ ఉప్పుగాలి తగిలి తీగెలు తుప్పు పడుతున్నాయి. ట్యూనర్ కోసం ఎదురుచూపుల్లోనే ఏడాది గడుస్తుంది. మీ డిజిటల్‌కి ఆ బాధ లేదు.

పర్లాకిమిడి_వయొలిన్ · శుక్రవారం సాయంత్రం 6:15

ఎడమచెయ్యి ఇప్పుడు నమ్మకంగా ఉంది నాయనా. ఇక కుడిచెయ్యిని ఒంటరిగా పాడుకో. ఆ బి, సి లని నువ్వు గొంతుతో ఎలా అంటావో అలాగే వేలితో అను. గొంతులో ఎవడూ రెండోదాన్ని గట్టిగా అనడు.

జయపురం_తబలా · శుక్రవారం రాత్రి 9:00

కెహర్వా పోయింది అన్నా. కొంచెం దిగులేసింది గానీ మంచిదే.

బరంపురం_టీచరమ్మ · శుక్రవారం రాత్రి 9:25

కూడిక ఎప్పుడు? దాన్నిబట్టి చెప్తాను. ఇప్పుడప్పుడే పాట మొత్తం రికార్డ్ చెయ్యకండి. తర్వాత 13 నుంచి 18 బార్లు పెట్టండి. గెంతు ఉన్న చోట మాత్రం ఎడమచెయ్యి కింది నోటు మీదికి ముందే వెళ్ళి కూర్చునేలా, శబ్దం లేకుండా, చెయ్యి కదలికనే సాధన చెయ్యండి. ఆగకుండా దూకగలిగితే స్ట్రెట్టో దానంతటదే వస్తుంది.

గుణుపురం_కీస్ · శుక్రవారం రాత్రి 10:05

నవంబరు రెండోవారంలో అండీ. పియానో టోనే పెడతాను, వాళ్ళ అబ్బాయికి చెప్పేశాను. 13 నుంచి 18 రేపు రాత్రి పిల్లలు పడుకున్నాక రికార్డ్ చేసి పెడతాను, రెండు చేతులూ విడివిడిగా. 9 దగ్గర పెడల్ కలిసిందన్నారు కదా సౌండ్ అన్నయ్యా, అది బార్ 9 ఆ, తొమ్మిదో సెకనా?

ధర్మాబాద్_సౌండ్ · శుక్రవారం రాత్రి 10:12

సెకను తమ్ముడూ. బార్లు నాకేం తెలుసు.